వేట నిషేధం రోజుల్లో ఒక బిడియస్తుడి సినిమా: ప్రాజెక్టు డైరీ

ఫిబ్రవరి, స్క్రిప్టు

స్క్రిప్టు ఒక కొలిక్కి వచ్చింది. తొమ్మిదో తరగతి పూర్తయిన చిన్నా అనే కుర్రాడు వేసవి సెలవులకి పార్వతీపురం నుంచి విశాఖపట్నంలో పిన్ని ఇంటికి వస్తాడు. నలుగురిలో నోరు విప్పలేని పిల్లాడు. పిన్ని వాళ్ళ ఇల్లు వన్ టౌన్‌లో, కోటవీధి దగ్గర. ఏమీ తోచక నడుచుకుంటూ ఫిషింగ్ హార్బర్‌కి వెళ్తాడు. అక్కడ రిపేరు చేస్తున్న ఒక బోటు పక్కన కూర్చోవడం మొదలుపెడతాడు. ఆ బోటు డ్రైవర్ నూకరాజు నోరు మూయని మనిషి. సెలవులు అయిపోతాయి, చిన్నా ఇంటికి వెళ్ళిపోతాడు. కథ ఇంతే. ప్రేమకథ లేదు, విలన్ లేడు, చివర్లో పోటీలో గెలిచి కప్పు ఎత్తడం లేదు.

కథకి వెన్నెముక దొరికింది మాత్రం వేట నిషేధంలో. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవలు వేటకి వెళ్ళకూడదు. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి ఆ నిషేధం. ఆ రెండు నెలలూ హార్బర్ నిండా బోట్లు కట్టేసి ఉంటాయి. రంగులు, చెక్కపని, ఇంజన్ పని, వలల పని అన్నీ అప్పుడే. మన రాష్ట్రంలో బడులు తెరిచేది జూన్ 12న. అంటే చిన్నా సెలవులూ బోట్ల సెలవులూ దాదాపు కలిసే మొదలవుతాయి, కానీ వాడి సెలవులు రెండు రోజుల ముందే అయిపోతాయి. రెండు నెలలు తను రంగు వేసిన బోటు నీళ్ళలోకి వెళ్ళడం వాడు చూడలేడు. ఈ రెండు తేదీలూ పక్కపక్కన రాసుకున్న రోజున నాకు సినిమా కనపడింది.

హాస్యం విషయంలో ఒక పట్టుదల పెట్టుకున్నాను. నవ్వు చిన్నా మీద రాకూడదు. మన సినిమాల్లో బిడియస్తుడంటే అయితే నత్తిగా మాట్లాడి నవ్వించేవాడు, కాకపోతే ఇంటర్వెల్ తర్వాత కళ్ళజోడు తీసేసి హీరో అయిపోయేవాడు. నిజంగా సిగ్గుపడే పిల్లాడు ఆ రెండింటిలోనూ లేడు. వాడు అన్నీ గమనిస్తాడు, ఎదుటివాళ్ళ మాట పూర్తయ్యేదాకా వింటాడు, తన వంతు వచ్చేసరికి నేల చూస్తాడు. నవ్వు పుట్టేది వాడి చుట్టూ ఉన్న మాటకారుల దగ్గర. మొదటి సీనే అది. పిన్ని ఫోన్ స్పీకర్లో పెట్టి వరసగా చుట్టాలందరికీ కలుపుతుంది. "ఇదిగో మా అక్క కొడుకు వచ్చాడు, మాట్లాడు నాన్నా, అత్తయ్యకి నమస్తే చెప్పు." అవతల అత్తయ్య మార్కులు అడుగుతుంది. వీడు నోరు తెరిచేలోపు పిన్నే జవాబు చెబుతుంది, అదీ తప్పు మార్కులు. వాడి ముఖంలో ఆ తప్పు సరిదిద్దాలన్న తపన ఉంటుంది, మాట ఉండదు. ఈ సీను చదివిన ప్రతివాళ్ళూ తమ ఇంట్లో జరిగినట్టే ఉందన్నారు.

మార్చి, లొకేషన్లు

వైజాగ్‌లో సినిమా తీస్తున్నామనగానే అందరూ ఇచ్చే జాబితా ఒకటే: ఆర్‌కే బీచ్, కైలాసగిరి, రుషికొండ, ఎర్రమట్టి దిబ్బలు, భీమిలి. అన్నీ అందమైనవే, అన్నీ తెర మీద చూసి చూసి అలసిపోయినవే. భీమిలి దాకా వెళ్ళి గోస్తనీ సముద్రంలో కలిసే చోటు చూశాం. నలభై ఏళ్ళకి పైగా సినిమా వాళ్ళని చూసిన ఊరు కదా, అక్కడ కెమెరా పెట్టగానే మనం ఏ పాట తీస్తున్నామో ఊహించేసుకుంటారు. వద్దనుకున్నాం. ఎర్రమట్టి దిబ్బలు ఎలాగూ కాపాడుకోవలసిన చోటు, అందులోకి మా మందిని తోలడం నాకు ఇష్టం లేదు.

హార్బర్ ఒక్కటే ముఖ్యమైన లొకేషన్. తర్వాత పిన్ని ఇల్లు, కురుపాం మార్కెట్ వైపు సందులు, ఆర్‌కే బీచ్‌లో ఒక్క సాయంత్రం. చిన్నా సినిమా మొత్తంలో సముద్రంలోకి దిగడు. పార్వతీపురం పిల్లాడికి సముద్రం కొత్త. పైగా మన తీరంలో అలల అడుగున లాక్కెళ్ళే ప్రవాహాలు ఎంత ప్రమాదమో ఇక్కడి వాళ్ళందరికీ తెలుసు. పిల్లలు చూసే సినిమాలో హుషారుగా అలల్లోకి దూకే షాట్ పెట్టడానికి నాకు మనసొప్పదు.

కెమెరామన్ డ్రోన్ గురించి అడిగాడు. తూర్పు నౌకాదళం కేంద్రం ఉన్న ఊరు ఇది, పోర్టు ఉంది, విమానాశ్రయం నౌకాదళానిదే. డ్రోన్ మ్యాపులో చాలా భాగం రెడ్ జోన్. కేంద్రం అనుమతి లేకుండా ఎగరేయడానికి లేదు. పై నుంచి హార్బర్ కనపడాలంటే దగ్గర్లో ఒక మేడ మీద నుంచి లాంగ్ లెన్స్‌తో తీద్దామని తేల్చుకున్నాం. నాకైతే అదే నయం. చిన్నా కూడా మేడ మీద నుంచే చూస్తాడు కదా.

ఏప్రిల్, పిల్లలు

చిన్నా వేషానికి చాలామంది కుర్రాళ్ళని చూశాం. ఆడిషన్‌కి ధైర్యంగా వచ్చేవాడు బిడియస్తుడు కాడు, బిడియస్తుడు ఆడిషన్‌కి రాడు. ఇదే పెద్ద చిక్కు. చివరికి ఒక స్నేహితురాలు పాఠం చెప్పే బడిలో, వెనక బెంచీలో దొరికాడు. పదిహేనేళ్ళు. కెమెరా ముందు డైలాగు చెప్పమంటే గొంతు పట్టేసింది. వల కుట్టే ప్లాస్టిక్ సూది ఒకటి చేతికిచ్చి, "దీన్ని ఎలా పట్టుకుంటారో చూపించు" అంటే పది నిమిషాలు తిప్పి తిప్పి చూశాడు. ముఖం మీద ఎన్ని ఆలోచనలు నడిచాయో కెమెరా అన్నీ పట్టింది. అక్కడికక్కడే ఖాయం చేసుకున్నాం.

నూకరాజు వేషం ఒక రంగస్థల నటుడు వేస్తున్నారు. ఉత్తరాంధ్ర నాటకాల్లో తలపండిన మనిషి. యాస నేర్పవలసిన పని లేదు, మనం రాసింది ఆయన నోట్లో ఇంకా బాగుపడుతుంది. చిన్నాని మొదటిసారి చూసినప్పుడు నేను రాసిన డైలాగు "మాటల్రావా నీకు?" అని మాత్రమే. రిహార్సల్‌లో ఆయన పొడిగించారు: "ఏటిరా గుంటడా, మాటల్రావా నీకు? పర్లేదులే. నాకు రెండు నోళ్ళున్నాయని మా ఇంటిది అంటాది. నీ వాటా కూడా నానే మాటాడేస్తాను." అది స్క్రిప్టులోకి ఎక్కించేశాను.

మూడో ముఖ్యపాత్ర పైడి, ఐస్ ఫ్యాక్టరీ దగ్గర తిరిగే పదకొండేళ్ళ పిల్ల. అందరి మీదా పెత్తనం చేస్తుంది. పద్నాలుగేళ్ళ లోపు పిల్లల్ని సినిమాలో పెట్టుకోవాలంటే చట్టం చాలా స్పష్టంగా ఉంది. బాల కార్మిక చట్టాన్ని 2016లో సవరించి, 2017లో నియమాలు తెచ్చారు. వాటి ప్రకారం జిల్లా కలెక్టరు అనుమతి తీసుకోవాలి, తల్లిదండ్రుల సమ్మతి జతచేయాలి. రోజుకి 5 గంటలకి మించి పని చేయించకూడదు, మధ్యలో విరామం లేకుండా 3 గంటలు దాటకూడదు. ఏకబిగిన 27 రోజులకి మించి పెట్టకూడదు. పిల్లకి వచ్చే డబ్బులో కనీసం 20 శాతం జాతీయ బ్యాంకులో ఆమె పేర డిపాజిట్ చేయాలి. చిన్న సినిమాలకి ఇవేవీ వర్తించవని అనుకునేవాళ్ళు చాలామంది తగిలారు. వర్తిస్తాయి. చిన్నా వేసే అబ్బాయి వయసుకి ఈ నిబంధనలు రావు. అయినా పని గంటల లెక్క అతనికీ ఇదే పెట్టుకున్నాం. మే నెల వైజాగ్ ఉక్కపోతలో పదిహేనేళ్ళ పిల్లాడిని పొద్దస్తమానం నిలబెట్టి మంచి నటన రాబట్టగలమని నేను నమ్మను.

ఏప్రిల్ చివర, సౌండు గురించి గొడవ

మా బృందంలో పెద్ద వాదన ఇదే. తెలుగులో అలవాటు డబ్బింగే. హార్బర్‌లో సుత్తి మోతలు, ఇంజన్లు, కాకులు, గాలి. డబ్బింగ్ పెట్టుకుంటే ప్రాణానికి సుఖం. సౌండ్ చూసే మిత్రుడు మాత్రం సింక్ సౌండ్ (షూటింగ్‌లోనే మాటలు రికార్డు చేయడం) తప్ప వేరే దారి లేదన్నాడు. కారణం చాలా సూటిది. పదిహేనేళ్ళ కుర్రాడి గొంతు ఇప్పుడు మారుతోంది. మేలో తీసి అక్టోబరులో డబ్బింగ్ చెప్పిస్తే తెర మీద ఒక పిల్లాడు, మాటలో ఇంకొక పిల్లాడు. అసలే సినిమా అంతా కలిపి వాడు మాట్లాడేది కొద్దిగా. ఆ కాస్త మాటలో గొంతు జీరపోవడం, మధ్యలో శ్రుతి పైకెళ్ళిపోవడం ఉండాలి. వేరే గొంతు పెట్టడం గురించి ఇక నేను ఆలోచించలేదు.

అదే కారణంగా కథ నడిచే వరసలోనే షూటింగ్ పెట్టుకున్నాం. సాధారణంగా ఒక లొకేషన్‌లో సీన్లన్నీ ఒకేసారి తీసేస్తారు, ఖర్చు తగ్గుతుంది. కానీ ఈ వయసు పిల్లలు నెలలో ఎత్తు పెరుగుతారు, మీసం నల్లబడుతుంది, ఎండకి రంగు మారుతుంది. ఆ మార్పు కథలో ఎటూ ఉండాల్సిందే. మేకప్‌తో తెచ్చిపెట్టుకునే బదులు దాన్నే వాడుకుంటున్నాం.

మే మొదట్లో, హార్బర్

షూటింగ్ మొదలైంది. సూర్యోదయం ఇప్పుడు 5.30 ప్రాంతంలో. నాలుగు గంటలకల్లా సామాన్లు దించేస్తున్నాం. ఎనిమిదిన్నర దాకా వెలుగు బాగుంటుంది, తర్వాత ఎండ నెత్తి మీదకి వచ్చి కళ్ళ కింద నీడలు పడతాయి. తొమ్మిదికి ఆపేసి మళ్ళీ సాయంత్రం నాలుగుకి.

కెమెరాని ఏసీ గదిలోంచి నేరుగా బయటికి తెస్తే లెన్సు మీద ఆవిరి కమ్మేస్తుంది. కనీసం అరగంట ముందు బయటపెట్టి ఆ వేడికి అలవాటు పడనివ్వాలి. ఉప్పు గాలికి లెన్సు ముందు ఒక మామూలు ఫిల్టరు ఎప్పుడూ ఉండాలి, ప్రతి సీనుకీ తుడుస్తుండాలి. కాలర్ మైకులు చెమటకి పాడవుతాయి కాబట్టి పల్చటి ప్లాస్టిక్ చుట్టి చొక్కా లోపల పెడుతున్నాం. మధ్యాహ్నం అయ్యేసరికి సముద్రపు గాలి పెరిగి బూమ్ మైకుకి (పొడవాటి కర్ర చివర కట్టే మైకు) బొచ్చు తొడుగు వేసినా లాభం ఉండటం లేదు. మాటలున్న సీన్లన్నీ పొద్దున్నే పెట్టేసుకున్నాం. మాటల్లేనివి సాయంత్రానికి.

హార్బర్ వాళ్ళు ఒక్క విషయంలో మొదటి రోజే గట్టిగా చెప్పారు. 2023 నవంబరులో రాత్రిపూట మంటలు రేగి దాదాపు 40 బోట్లు నష్టపోయిన జెట్టీ అది. డీజిల్ జనరేటర్లు, వేడెక్కే పెద్ద లైట్లు బోట్ల దగ్గర వద్దన్నారు. బ్యాటరీ మీద నడిచే చిన్న ఎల్‌ఈడీ లైట్లతోనే పని చేస్తున్నాం. ఒక బోటు కాలిపోతే ఎన్ని ఇళ్ళు రోడ్డున పడతాయో వాళ్ళు చూశారు. మేం వాళ్ళ చోటులో అతిథులం.

మే, వల సీను

ఈ సీను గురించి కాస్త వివరంగా రాసుకుంటాను, ఎందుకంటే సినిమా ఏమిటో నాకు ఇక్కడే అర్థమైంది.

స్క్రిప్టులో ఉన్నది: నూకరాజు చిన్నాకి చిరిగిన వల కుట్టడం నేర్పుతాడు. రెండు పేజీల డైలాగులు, అన్నీ నూకరాజువే. షూటింగ్‌కి ముందు మా అబ్బాయిని ఒక వల కుట్టే పెద్దాయన దగ్గర కూర్చోబెట్టాం, రోజూ కొంతసేపు. ముందు చిరుగు చుట్టూ తెగిన పోగుల్ని కత్తిరించి శుభ్రం చేయాలి. తర్వాత నైలాన్ దారం చుట్టిన సూదిని కన్నంలోంచి పైకి తీసి, దారాన్ని బొటనవేలు కింద నొక్కిపట్టి, వెనక నుంచి మెలిపెట్టి, ముడి బిగించాలి. కన్నం కొలత వేళ్ళతోనే చూసుకుంటారు. బొటనవేలి కింద పట్టు వదిలితే ముడి జారుతుంది, కన్నాలు హెచ్చుతగ్గులు అవుతాయి. ఆ పెద్దాయన ఎక్కువ మాట్లాడరు. ముడి జారితే అబ్బాయి వేలు పట్టుకుని సరైన చోట పెడతారు, అంతే. వాళ్ళిద్దరూ పక్కపక్కన అలా గంటలు కూర్చునేవారు.

షూటింగ్ రోజున కెమెరామన్ 85 ఎంఎం లెన్సు పెట్టి దూరంగా కూర్చున్నాడు. అబ్బాయికి కెమెరా ఎక్కడుందో కూడా పట్టలేదు. నూకరాజు గారు రెండు పేజీల డైలాగు మొదలుపెట్టారు: తుపానులో ఇంజన్ ఆగిపోయిన కథ, పెళ్ళిలో అలిగిన బావమరిది కథ, అన్నీ కలిపి. అబ్బాయి తల ఎత్తలేదు. వేళ్ళు పని చేస్తున్నాయి. బావమరిది కథ మధ్యలో ముడి జారింది. నూకరాజు గారు కథ ఆపకుండానే చెయ్యి చాచి అతని బొటనవేలు సరిచేశారు. అది స్క్రిప్టులో లేదు, రిహార్సల్‌లో లేదు. వల పెద్దాయన చేసేది ఆయన పక్కనుండి గమనించారన్నమాట. ఆ తర్వాత ముడి బిగుసుకుంది. అబ్బాయి ముఖం మీద చిన్న నవ్వు, ఎవరి కోసమూ కాని నవ్వు.

సిగ్గుపడే పిల్లాడిని నటింపజేయడం అంటే అతనికి ఏదో ఒక భావం పెట్టమని చెప్పడం కాదు. చేతికి నిజమైన పని ఇవ్వాలి, ఆ పని అతనికి నిజంగా రావాలి, తర్వాత మనం దూరంగా ఉండాలి. ఈ సీను చూశాక మిగిలిన స్క్రిప్టు మొత్తం మళ్ళీ చదివి, చిన్నా ఊరికే నిలబడి చూస్తూ ఉండే ప్రతి చోటా ఒక పని పెట్టాను. బోటు అడుగున అంటుకున్న గుల్లలు గీకడం, పలకల సందుల్లో నూలు కూరడం, రంగు డబ్బా కలపడం, పైడికి లెక్కలు చెప్పడం. లెక్కలు చెప్పే చోట వాడు నాలుగు వాక్యాలు వరసగా మాట్లాడతాడు, తనకే తెలియకుండా. అప్పుడు పైడి, "ఏటి, మాటలొచ్చాయే నీకు!" అనేసరికి మళ్ళీ నోరు మూసుకుపోతుంది. హాలులో జనం ఇక్కడ గట్టిగా నవ్వుతారని నా నమ్మకం, ఆ నవ్వు పైడి ఆశ్చర్యం మీద రావాలి.

మే మూడో వారం, పిన్ని ఇల్లు, బీచ్

ఇంటి సీన్లు తొందరగా అయిపోయాయి. ట్యూబులైటు వెలుగులోనే తీశాం. సెకనుకి 24 ఫ్రేములు, షటర్ 1/50. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఆ లెక్కలో మినుకు రాదు. ఇరుకు వంటింట్లో వేరే లైట్లు పెడితే ఆ ఇంటి రంగు పోతుంది.

ఆర్‌కే బీచ్ సాయంత్రం కొంచెం కష్టపడ్డాం. పిన్ని కుటుంబం అంతా కుర్సురా సబ్‌మెరైన్ చూసి, బీచ్‌లో మురీ మిక్చర్ తింటుంటారు. బాబాయ్ సబ్‌మెరైన్ గురించి తనకి తెలిసిందీ తెలియనిదీ చెబుతుంటాడు. టికెట్టు దగ్గర పలక మీద అది 1969లో నౌకాదళంలో చేరి 2001లో విరమించిందని చిన్నా చదివి ఉంటాడు. బాబాయ్ చెప్పే సంవత్సరాలు తప్పని వాడికి తెలుసు, చెప్పడు. మన తీరం తూర్పు ముఖం కాబట్టి సాయంత్రం సూర్యుడు ఊరి వెనక, కొండల వెనక దిగుతాడు. ఇసుక మీద తొందరగా నీడ పరుచుకుంటుంది, సముద్రం మీద మాత్రం ఇంకా వెలుగు ఉంటుంది. ఆ అరగంట ముఖాల మీద మెత్తటి వెలుగు ఉంటుంది, కళ్ళు చికిలించే పని లేదు. ఆ కాస్త సమయంలోనే సీను మొత్తం తీయాలి, చుట్టూ జనం కెమెరాలోకి చూడకుండా ఉండాలి. బూమ్ మైకు దాచి, కెమెరా ఒక ఐస్‌క్రీం బండి పక్కన పెట్టి, నటుల్ని జనంలో కలిపేశాం. వెనక ఎవరో పాప బుడగ కోసం ఏడుస్తోంది, అదీ సౌండులో పడింది. ఉంచేస్తున్నాం.

ఒక వదులుకోవలసిన విషయం. నూకరాజు తల్లి పాత్ర అడ్డచుట్ట కాలుస్తుందని రాశాను, మన తీరంలో ముసలమ్మలు నిప్పు లోపలికి పెట్టుకుని కాల్చే పద్ధతి. కానీ పొగాకు కనిపించినంతసేపూ తెర అడుగున హెచ్చరిక వేయాలి. ఆ సీను సినిమాలో అన్నిటికంటే నెమ్మదైనది, ముసలమ్మ చిన్నా తల నిమిరేది. అక్కడ కింద అక్షరాలు రావడం నేను భరించలేను. పైగా సినిమా చూడబోయేది పిల్లలు. ముసలమ్మ చేతికి ఎండు రొయ్యలు ఏరే చేట ఇచ్చాం.

జూన్ 11 నుంచి 14 దాకా

చిన్నా బస్సెక్కే సీను 11న తీశాం. మర్నాడు బడులు తెరుస్తారు, మా అబ్బాయికి కూడా నిజంగానే.

ముగింపు గురించి షూటింగ్ మొదలైనప్పటి నుంచీ మాలో మాకు పొత్తు కుదరలేదు. కెమెరామన్‌కీ ఎడిటర్‌కీ చిన్నా వెనక్కి పరిగెత్తుకుని రావాలి, బోటు కదిలే వేళకి జెట్టీ మీద ఉండాలి. తెర మీద అది ఎంత బాగుంటుందో నాకూ తెలుసు. కానీ అదే చేస్తే సెలవులు అయిపోవడం అనే మాటకి అర్థం పోతుంది. తొమ్మిదో తరగతి పిల్లాడు అమ్మానాన్నలకి చెప్పకుండా పార్వతీపురం నుంచి బస్సెక్కి రాడు, ముఖ్యంగా ఈ పిల్లాడు రాడు. పెద్దవాళ్ళు తేదీలు పెడతారు, పిల్లలు వాటి మధ్య ఇరుక్కుంటారు. నేను గీసుకున్న గీత దాటలేదు.

దాని బదులు ఫోన్. జూన్ 14 రాత్రి నూకరాజు బోటు మీద ఐస్ కొడుతుంటే జేబులో ఫోన్ మోగుతుంది. చిన్నా. తనంతట తానే ఒకరికి ఫోన్ చేయడం సినిమాలో అదే మొదటిసారి. "తాతా, రంగు ఎండిందా?" అని అడుగుతాడు. ఎప్పుడూ ఆగకుండా మాట్లాడే మనిషికి ఆ క్షణాన మాట రాదు. ఇంజన్ స్టార్ట్ చేసి, ఫోన్‌ని దాని దగ్గర పట్టుకుంటాడు.

14 రాత్రి నిజమైన హడావిడి మధ్యలోనే తీశాం, అబ్బాయి లేకుండా, మేం కొద్దిమందిమే. డీజిల్ పీపాలు, మంచినీళ్ళ డ్రమ్ములు, బియ్యం, కూరగాయలు, ఐస్ దిమ్మలు పగలగొట్టే మోత. ఒక్కసారి వెళితే రెండు వారాల దాకా నీటి మీదే ఉంటారు, బోటుకి ఏడెనిమిది మంది. గంగమ్మ తల్లికి కొబ్బరికాయ కొట్టి, బోటు ముక్కుకి పసుపు కుంకుమ పెట్టి, పూలదండ వేస్తారు. మా నూకరాజు గారు నిజమైన కళాసీలతో (బోటు పనివాళ్ళతో) కలిసి ఐస్ మోశారు. వాళ్ళలో ఒకతను "బావూ, నువ్వు యాక్టరువా, డ్రైవరువా?" అని అడిగాడు. ఆయన ముఖం వెలిగిపోయింది.

జూలై, ఆగస్టు, ఎడిటింగ్

మాట్లాడని పిల్లాడి సినిమాలో ఎడిటింగ్ అంటే మౌనాన్ని కొలవడం. పిన్ని తప్పు మార్కులు చెప్పే సీనులో చిన్నా ముఖం మీద షాట్ మొదట రెండు సెకన్లు ఉంచాం. ఎవరూ నవ్వలేదు. ఎడిటర్ దాన్ని ఇంకో సెకను పొడిగించాడు, 24 ఫ్రేములు. వాడి పెదవి కదలబోయి ఆగుతుంది, అప్పుడు పిన్ని రెండో చుట్టానికి ఫోన్ కలుపుతుంది. చూసిన వాళ్ళందరూ నవ్వారు. ఇంకా పొడిగించి చూశాం, నవ్వు పోయి జాలి వచ్చింది. వెనక్కి వచ్చాం. జాలి నాకు అక్కర్లేదు.

ముడి జారే సీను దాదాపు కట్ లేకుండా ఉంచేశాం. నూకరాజు గారి డైలాగుల్లో సగం పోయింది, ఆయనకి ఫోన్ చేసి చెబితే, "మాటలు పోతే పోనీ, ఆ వేలు ఉంచావు కదా" అన్నారు.

సంగీతం వాడకం చాలా తగ్గించాం. హార్బర్ సౌండులోనే తాళం ఉంది. బోటు పలకల మీద సుత్తి దెబ్బలు ఒక లయలో పడుతుంటాయి. ఒకరు ఆపితే ఇంకొకరు అందుకుంటారు. సౌండ్ మిత్రుడు ఆ దెబ్బల్ని సీన్ల మధ్య వంతెనగా వాడుతున్నాడు, బోటు కదిలే దగ్గర అవి ఆగిపోతాయి.

సెప్టెంబరు, ఇప్పటికి ఎక్కడున్నాం

పిక్చర్ లాక్ అయింది, అంటే ఎడిటింగ్‌లో ఇక మార్పులుండవు, గంటా ముప్పావు నిడివి. మా అబ్బాయి బడిలో పెట్టి చూపించాం, వాడి క్లాసు పిల్లలకే. అతను వెనక వరసలో కూర్చుని తల దించుకుని చూశాడు. లెక్కల సీనులో అందరూ నవ్వితే చెవులు ఎర్రబడ్డాయి. సినిమా అయ్యాక ఒక పిల్ల లేచి, చిన్నా రెండో రోజు కూడా ఫోన్ చేస్తాడా అని అడిగింది. నేను జవాబు చెప్పబోతుంటే వెనక నుంచి అబ్బాయే "చేస్తాడు" అన్నాడు.

మిగిలిన పనులు: కలర్, సౌండ్ మిక్స్, డీసీపీ (థియేటర్లో వేసే డిజిటల్ కాపీ), ఆ తర్వాత సెన్సార్ దరఖాస్తు. 2024 నియమాల్లో యూఏని (పిల్లలు పెద్దల మార్గదర్శనంలో చూడదగ్గ సినిమాలకి ఇచ్చే సర్టిఫికెట్) 7, 13, 16 ఏళ్ళు అని మూడు మెట్లు చేశారు. మా సినిమాకి యూఏ 7 ప్లస్ రావాలని కోరుకుంటున్నాను, చిన్నా వయసు వాళ్ళ తమ్ముళ్ళు చెల్లెళ్ళు కూడా చూడాలి. రెండు చోట్ల సుత్తి శబ్దం గాలిలో కొట్టుకుపోయింది, అవి మళ్ళీ రికార్డు చేయాలి. ఒక బోటు పలక మార్చడానికి పైకి లాగారని వల పెద్దాయన కబురు పంపారు. సోమవారం పొద్దున్నే, గాలి లేవకముందు, సౌండ్ మిత్రుడు మైకులతో వెళ్తున్నాడు. అబ్బాయి కూడా వస్తానన్నాడు, ఆ రోజు బడికి సెలవు.